బాయిలర్ అడుగున మీ బనీను

ఏమండీ,

ఎల్లుండి మీ సంవత్సరీకం. నాంపల్లి స్టేషన్‌లో దిగే చుట్టాల స్నానాలకని రాగి బాయిలర్ వెలిగిస్తే, కింద బూడిద తడిసి ముద్దయింది. వెంటనే నిప్పు లాగేసి, నీళ్లన్నీ తోడేసి, బేగం బజార్ నుంచి చిల్లులకు మాటు వేసే అతన్ని పిలిపించాను.

అతను అడుగు చిల్లులోంచి నల్లగా, జిగటగా కుళ్లిన గుడ్డపీలిక లాగాడు. కంపుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. అది మీ పాత బనీను. బాగు చేయించానని మీరు చెప్పింది ఇదన్నమాట! ఏడాదికి పైగా ఆ నీళ్లతోనే మడి స్నానాలు చేశాం. ఛీ!

"ఎవరు కుక్కిన్రమ్మా గిది? బుద్ధున్నోడు చేసే పనేనా?" అన్నాడతను. పక్కనే నిలబడ్డ మీ తమ్ముడు నా వైపే చూస్తున్నాడు.

"నేనే కుక్కిన" అన్నాను.

మీ తమ్ముడు నన్ను చూసి పడిపడి నవ్వాడు. నవ్వనీయండి. మిమ్మల్ని తిట్టడానికి నేనొక్కదాన్ని చాలు.