సమాసమును విడదీసినవాడు

చోడవరం, 12 జూన్ 1955

ప్రియ శిష్యుడగు నోవహునకు ఆశీస్సులు.

మన చరిత్ర ప్రదర్శనశాలకు నీవు నక్షా గీయుట నాకు సంతోషము. స్థలము చెరకు పొలముల నడుమ మెట్ట. వేసవి వేడి దుర్భరము. సాయంకాలము తూర్పునుండి సముద్రపు గాలి వచ్చును. ఇచ్చటి దేముడమ్మ తన తాత వ్రాసిన ఊరి చరిత్రను, ఉన్న ఒక్క ప్రతిని, మనకే ఇచ్చినది.

తాపీమేస్త్రీ పరదేశిది ఒకటే గోల: "తూరుపేపు గాలివానకి అడ్డు కట్టాల పంతులుగోరూ, మరిసిపోకండి!" గాలివాన ద్వంద్వ సమాసము, గాలియును, వానయును. కావున విడదీసితిని: గాలికి తూర్పున పెద్ద కిటికీలు, వానకు మూడడుగుల చూరు.

నీ ఉత్తరమున 'జాగ్రత్త'కు వత్తు లోపించినది.

నీ మేలుకోరు
సత్యారావు

విశాఖపట్నం, 2 జూలై 1955

పూజ్యులైన మాస్టారికి నమస్కారాలు.

వత్తు దిద్దుకున్నాను. ఒక్క సందేహం. గాలివాన అంటే గాలితో కొట్టే వాన కాదా? మా అమ్మ కూడా, "పరదేశి సెప్పిందే నిజిమిరా, అడ్డంగా కొట్టీసి ఇల్లంతా సెరువు సేసెస్తాది" అంది. కిటికీలకు తలుపులు పెట్టమంటారా?

మీ విద్యార్థి
నోవహు

చోడవరం, 9 జూలై 1955

చిరంజీవి నోవహునకు,

సమాసములు నాకు నేర్పవలదు. తలుపులు వలదు, గాలి ఆగును.

సత్యారావు

విశాఖపట్నం, 20 నవంబరు 1956

ప్రియమైన మాస్టారికి,

తుపానులో తూర్పు కిటికీల నుంచి వాన కొట్టి, ప్రదర్శనశాలలోని దేముడమ్మగారి ప్రతి తడిసి, సిరా అంతా కరిగిపోయిందని తెలిసింది. తప్పు నా నక్షాదేనని ప్రదర్శనశాల కమిటీ మా ఆఫీసుకు వ్రాసింది. ఉద్యోగం నిలవకపోవచ్చు. మీ ఉత్తరాలు నా దగ్గరే ఉన్నాయి. ఎవరికీ చూపను.

నోవహు

చోడవరం, 27 నవంబరు 1956

నాయనా నోవహూ,

మూడు సమావేశములలో నిన్ను నిందించుచుండగా నేను అధ్యక్షుని ప్రక్కనే కూర్చుండి నోరు విప్పలేదు. నిన్న విప్పితిని. తప్పు నాదని వ్రాసి సంతకము చేసితిని. దాని నకలు మీ ఆఫీసుకు పంపినారు.

పిదప దేముడమ్మ ఇంటికి పోయితిని. ఆమె తిట్టలేదు. "నాకు సదువు రాదు మాస్టరుగోరూ. మీరు సదివేరు గదా! మా తాత ఏటి రాసేడో సెప్పండి, మల్లీ రాయించుకుంతాను" అన్నది.

నోవహూ, నేను దానిని చదువలేదు. మొదటి పుటలో పదునాలుగు తప్పులు లెక్కించి మూసివేసితిని.

ఆమె రేపు ఉదయము కాగితములు కొనుక్కొని వచ్చునట.

సత్యారావు