కల్లు దిగే నాటికి కూర్చోవాలి

డిసెంబర్ 11

బోర్లా పడుకొని రాస్తున్నాను. ఛాతీ కింద దిండు, గడ్డం ముందు ఈ పుస్తకం. అక్షరాలు వంకరగా పోతున్నాయి. పోనీ... చదివేవాడెవడు.

మహబూబాబాద్ దవాఖానలో డాక్టరు తేల్చి చెప్పాడు. పిరుదు మీది పుండు లోతుకు పోయిందట. మానేదాకా చక్రాల కుర్చీ ఎక్కొద్దు, వెల్లకిలా పడుకోవద్దు. ఎన్నాళ్ళు సార్ అని అడిగితే, అది పుండునే అడగాలి అన్నాడు. నా భార్య రజిత నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

తాడిచెట్టు మీది నుంచి పడ్డప్పుడు కూడా ఇంత కోపం రాలేదు. నడుము కింద ఏమీ తెలియని మనిషినయ్యాను, సరే అనుకున్నాను. రెండేళ్ళు తంటాలు పడి కుర్చీలో కూర్చోవడం నేర్చుకున్నాను. ఇప్పుడు అదీ పోయింది.

డిసెంబర్ 13

సిమెంటు నేల. నేల మీద పగులు. పగుల్లో చీమలు. రోజంతా ఇదే.

డిసెంబర్ 16

ట్యూబు సంగతి రాయాలి, లేకపోతే లోపలే కుళ్ళుతుంది.

వానాకాలం మొదట్లో నన్ను కన్న అవ్వ ఎవరినో అడిగి ఆటో టైరు ట్యూబు తెచ్చింది. గాలి మీద కూర్చుంటే పుండు పడదని ఆమె నమ్మకం. వచ్చిన చుట్టాలందరూ అవ్వ తెలివిని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. దాని మీద రాజాలా పొద్దంతా కూర్చున్నాను... నొప్పి తెలిస్తే కదా. ఒకరోజు లుంగీకి నెత్తురు అంటితే రజిత చూసింది.

దేని మీద కూర్చుంటున్నావని డాక్టరు అడిగినప్పుడు మేమెవరం ట్యూబు పేరు ఎత్తలేదు. అవ్వ గోడ దిక్కు చూసింది.

డిసెంబర్ 17

ఫోన్లో వెతుకుతున్నాను. నడుము పడిపోయినవాళ్ళకు పుండు అని కొట్టాను. నూనె వచ్చింది. పసరు వచ్చింది. తెల్లకోటు వేసుకున్న ఒకడు నెలలో నడిపిస్తానన్నాడు. ఇంకోదాంట్లో ఒక మనిషి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, వెనుక సంగీతం, చుట్టూ చప్పట్లు.

దొంగవీడియో అని తెలుసు. తెలిసి కూడా మళ్ళీ మళ్ళీ చూశాను. వాడి మోకాళ్ళు నిటారుగా కావడం చూశాను. రజిత వస్తున్న చప్పుడైతే ఆపేశాను, తప్పుపని చేస్తున్నట్టు.

డిసెంబర్ 19

ఆ వీడియో కిందనే ఎవరో ఆడమనిషి రాసింది. ఇవన్నీ నమ్మొద్దు, పుండున్నవాళ్ళు ముందు కూర్చోవడం మానాలి, ట్యూబు మీద అసలే వద్దు అని. ట్యూబు ఎందుకు వద్దు అని కింద అడిగాను. గంటలోపే జవాబు. వెన్నుదెబ్బ తగిలినవాళ్ళకు వాట్సాప్ గ్రూపు ఉందట. చేరాను.

డిసెంబర్ 22

ఇంతమందిమి ఉన్నామా!

జనగామ నుంచి ఒక లారీ డ్రైవరు, మల్లన్న. మిరపకాయ ఏరడానికి పోతూ ట్రాక్టరు బోల్తాపడి నడుము విరిగిన ఒకామె. స్లాబు మీది నుంచి పడ్డ మేస్త్రీ. మూత్రం సంచి సంగతి పొలానికి నీళ్ళు పెట్టిన సంగతంత మామూలుగా మాట్లాడుకుంటున్నారు. నేను రజితతో కూడా అంత మామూలుగా మాట్లాడను.

వీడియో కింద రాసింది పద్మక్కనట. ఊరు టేకుమట్ల. అందరికంటే ఎక్కువ కాలం కుర్చీలో గడిపింది ఆమే. గ్రూపులో మాత్రం రాయదు, గొంతే పంపుతుంది. వెనుక కోళ్ళు కూస్తుంటాయి. నాకు పంపింది:

"ట్యూబుకు నడుమ బొంద ఉంటది గద తమ్మీ. దాని అంచు సుట్టూ ఒత్తి నెత్తురు ఆడనియ్యది. నీకు నొప్పి తెల్వది గని తోలుకు తెలుస్తది."

ఇంత చిన్న మాట రెండేళ్ళలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదులే.

డిసెంబర్ 23

ఆ గొంతు మళ్ళీ విన్నాను. తమ్మీ అని నన్ను పిలిచేవాళ్ళు లేరు. అక్కలు లేని ఇల్లు మాది.

డిసెంబర్ 29

నవ్వాలో ఏడవాలో...

పుండు వారం వారం ఫోటో తీసి పెట్టుకోవాలి, అప్పుడే మానుతున్నదీ లేనిదీ తెలుస్తుంది, మొదటిది తనకు పంపమంది పద్మక్క. నేను రెండు రోజులు నాన్చాను. రజిత ఊరుకుంటుందా. లుంగీ జరిపి, టార్చి వేసి, పెళ్ళి ఫోటోగ్రాఫరులా కదలకు అంటూ తీసింది. పంపింది కూడా తనే. నా మొహం చూడని మనిషికి నా పిరుదు చూపించాం.

జవాబు వచ్చేదాకా దిండులో మొహం దాచుకున్నాను. ఎర్రగా ఉంది కాబట్టి భయం లేదు, నల్లబడితేనే భయం అంది. చివర్లో కొంచెం గట్టిగా: "డాక్టరుకు గిదే ఫోటో సూపియ్యి. నన్ను నమ్ముకోని ఊకోకు."

జనవరి 5

అవ్వ ఈ గదిలోకి రావడం లేదు. అన్నం గడప దగ్గర పెట్టి పోతుంది. ట్యూబును ఎప్పుడో పెంటకుప్పలో పారేసింది, అయినా దాన్ని మెడలో వేసుకొని తిరుగుతున్నట్టే ఉంది ఆమె వాలకం. నీ తప్పు కాదవ్వా అని ఎట్లా చెప్పాలి. బోర్లా పడుకొని, నేల వైపు మొహం పెట్టి చెప్పే మాటా అది?

జనవరి 8

గ్రూపులో ట్యూబు మాట మళ్ళీ వచ్చింది. పద్మక్క పెద్దగా నవ్వి, అన్ని ఇండ్లల్ల అవ్వలు మొదలు తెచ్చేది ట్యూబే అంది, తన అవ్వయితే రెండు తెచ్చిందని, బిడ్డ మీద పాణం గుంజితేనే తెస్తరని. ఫోను నేల మీద ఉంది, గొంతు గదంతా వినబడింది. గడప దగ్గర అవ్వ గాజుల చప్పుడు ఆగింది.

"మళ్ల పెట్టు," అంది అవ్వ.

పెట్టాను. లోపలికి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. ఆమె పాదాలు మాత్రమే కనబడుతున్నాయి నాకు. తర్వాత నా వీపు నిమిరింది, తెలిసే చోట. చాలాసేపు.

జనవరి 21

తమ్ముడు తిరుపతి మన చెట్లకు కల్లు గీత మొదలుపెట్టాడు. మన అని రాశాను చూడు. నేను పడ్డాక నా చెట్లు తమ్ముడి వంతుకు వచ్చాయి. వాడు ముట్టకపోతే ఎండిపోయేవి, ఆ మాటా నిజమే.

పొద్దున్నే చెట్టెక్కే మోకు భుజాన వేసుకొని వచ్చాడు. వాడి చెమట వాసన, తాటిమట్ట వాసన. కళ్ళు మూసుకున్నాను. నాకు ఆ పైన ఉండాలని ఉంది. దాచేదేముంది, ఉంది. పొద్దు పొడవకముందు పైకెక్కి, నడుము పట్టీ ముస్తాదుకు ఒరిగి, కత్తి పెట్టేముందు ఒక్కసారి చుట్టూ చూసేవాడిని. గాలికి చెట్టు నన్ను మెల్లగా ఊపేది. కింద ఇండ్లల్లో అప్పుడే పొయ్యిలు రాజేసేవాళ్ళు. ఊరంతా నాది అనిపించేది. ఇప్పుడు కలలో కూడా ఎక్కుతాను కానీ ఎప్పుడూ సగం దాకానే.

జనవరి 24

మా ఇంటి పద్ధతి ఒకటుంది. కాలం మొదట దించిన కల్లుకుండ, ఆ లొట్టి, ఇంటికి రాదు. గీతగాళ్ళ దేవుడు కాటమయ్యకు చూపి, తాడిచెట్ల కింద అందరూ కల్లు తాగే మండువలోనే ఒంపాలి. చెట్లు ఎవరివో ఆ మనిషి అందరి నడుమ కూర్చొని తాటాకు రేకలో మొదట తాగాలి. నాయిన తాగాడు, నేను తాగాను. పోయిన రెండు కాలాలు నేను పోలేదు. మూత్రం వాసన వస్తుందేమోనని భయం. తిరుపతి ఎవరినీ తాగనివ్వకుండా ఆ లొట్టిని నేల పాలు చేశాడని రజిత తర్వాత చెప్పింది.

ఈసారి వాడు అన్నాడు: "చెట్లు నీయే అన్నా. నువ్వే తాగాలె. నేను ఎత్తుకపోత."

ఎత్తుకుపోతే రానన్నాను. కుర్చీలో కూర్చొని వస్తాను. నలుగురి ముందు, నా కుర్చీలో. ఇంకో నెలలో కల్లు దిగుతుంది, ఆలోపు పుండు మూసుకోవాలి. వాసన సంగతి ఎట్లా అని గ్రూపులో అడిగేశాను. సంచి ఎప్పుడు మార్చాలో, నీళ్ళు ఎన్ని తాగాలో పద్మక్క వివరంగా చెప్పింది. కల్లు మాత్రం ఒక్క రేకే, రెండోది అడిగితే గ్రూపులోంచి తీసేస్తా అని బెదిరించింది.

ఫిబ్రవరి 2

పుండు గోరంత అయింది. ఫోటో పంపాను, ఇప్పుడు సిగ్గూ లేదు, శరమూ లేదు. ఆమె సంబరం చూడాలి.

నువ్వు ఎంతసేపు కూర్చుంటావక్కా అని అడిగాను. ఊకె ఎక్కడ కూసుంట తమ్మీ అంటూ దాటేసింది. పొద్దున, మధ్యాహ్నం, పొద్దుగూకినాక — ఏ వేళ చూసినా ఎవరికో ఒకరికి జవాబు చెబుతూనే ఉంటుంది. పండుకొని మాట్లాడితే గొంతు రాదని ఒకసారి ఆమే అంది కదా. ఏమో.

ఫిబ్రవరి 8

పద్మక్క లేదు. నాలుగు రోజులయింది కోళ్ళ కూత విని.

ఫిబ్రవరి 10

లేదు.

ఫిబ్రవరి 11

ఆమె బిడ్డ రాసింది. అమ్మకు పుండు అయింది, చలిజరం వచ్చింది, భూపాలపల్లి దవాఖానలో చేర్చాం, ఫోను ఇవ్వడం లేదు. చాలారోజుల నుంచి ఉందట. ఇంట్లో కూడా చెప్పలేదట.

మాకు చెప్పిన మాట నువ్వెందుకు వినలేదక్కా. మాకందరికీ జవాబులు చెబుతూ నువ్వు కూర్చున్నావు. నేను అడిగినవే ఎన్ని! లెక్కే లేదు. ఇవన్నీ ఆమెకే అనాలి. ఎవరికి అనను... మా ఊరి నుంచి భూపాలపల్లికి ఎంత దూరమో ఫోన్లో చూశాను. చూసి ఏం చేస్తాను.

మల్లన్నకు ఫోను చేశాను. లారీ నడిపిన మనిషి, గుండె గట్టిది అనుకున్నాను. ఫోను ఎత్తగానే ముందు ఏడ్చింది తనే.

ఫిబ్రవరి 17

డాక్టరు చూశాడు. తోలు కలిసింది. రోజుకు ఒక్క అరగంట కూర్చోవచ్చు, నడుమ నడుమ చేతుల మీద ఒళ్ళు లేపుతూ. ఒక్క నిమిషం ఎక్కువైనా మళ్ళీ మొదటికి వస్తావని బెదిరించాడు. కుర్చీలోకి తగిన మెత్త మల్లన్న జనగామ నుంచి బస్సులో పంపాడు, తను వాడిందే.

ఈ మాట అందరికంటే ముందు చెప్పాల్సిన మనిషికి చెప్పలేకపోయాను. ఫోను స్విచాఫ్ అనే వస్తుంది. అయినా రోజూ కొడతాను.

ఫిబ్రవరి 20

రేపు మొదటి లొట్టి. అవ్వ నా తెల్ల అంగీ ఉతికి ఆరేసింది. పెళ్ళికొడుకు అంటూ రజిత ఒకటే సతాయింపు. మండువకు పోవడానికి, రావడానికి, రేక పట్టడానికి... అరగంట సరిగ్గా సరిపోతుంది. లెక్క చూసుకున్నాం. మొదటిసారి మండువకే కూర్చోవాలని ఇంకా కుర్చీ ఎక్కనే లేదు.

ఫిబ్రవరి 21

కుర్చీలో కూర్చొని రాస్తున్నాను.

అంగీ వేసుకున్నాను. సంచి కొత్తది. రజిత, తిరుపతి పట్టి కూర్చోబెట్టారు. తలెత్తితే వాకిలి, వాకిలి అవతల ఎండ, ఎండ అవతల తాడిచెట్లు. కళ్ళు చెదిరాయి. ఇన్నాళ్ళు నేల చూసి చూసి ఎత్తు అంటే ఏమిటో మరిచాను. ట్రాలీ ఆటో వాకిట్లో ఉంది, కుర్చీ ఎక్కించడానికి పలక వేసి పెట్టారు. మండువలో అందరూ కూర్చొని ఉన్నారట, నా కోసం లొట్టి విప్పలేదట.

అప్పుడే ఫోను మోగింది. గ్రూపులో కొత్త గొంతు. చిన్నపిల్ల, గార్ల నుంచి. ఏడుపు ఆపుకుంటూ:

"మా అన్న బాయిల పడ్డడు. నడుము విరిగిందంటున్నరు. మళ్ల నడుస్తడా? పద్మక్కను అడుగుమన్నరు. పద్మక్కా, జర చెప్పవా."

ఇట్లాంటివాళ్ళకు పద్మక్క ఏం చెప్పేదో నాకు తెలియదు. ఆ ప్రశ్న నేను ఆమెను ఒక్కనాడూ అడగలేదు, జవాబు చెబుతుందేమోనని భయం. మల్లన్న రాయడం మొదలుపెట్టినట్టు కనబడింది, ఆగింది. మళ్ళీ మొదలు. మళ్ళీ ఆగింది. పిల్ల ఇంకోసారి అడిగింది, ఎవరన్న చెప్పుండ్రి అని.

రెండుసార్లు మైకు నొక్కి వదిలేశాను. ముందు ఇక్కడ రాసుకొని చూద్దామని పుస్తకం తీసుకున్నాను.

చెల్లె, నేను గూడ గిట్లనే పడ్డ. మీ అన్న నడుస్తడో లేదో నాకు తెల్వది, డాక్టరునే అడుగుండ్రి. నేను నడువ.

నేను నడువ. ఈ మాట ఈ పుస్తకంలో కూడా ఎప్పుడూ రాయలేదు. రజిత వెనుక నిలబడి చదువుతున్నట్టుంది, కుర్చీ పిడి మీద ఆమె చేయి.

తిరుపతి హారన్ కొడుతున్నాడు. అరగంటలో ఎంత పోయిందో చూడటం లేదు. ఈ ముక్కతో ఆ పిల్ల గుండె ఆగిపోతుంది, దీని తర్వాత ఇంకా ఏదో చెప్పాలి. ఏదో ఉంది చెప్పడానికి, నాకు తెలుసు ఉందని... మైకు నొక్కి మొదలు ఇదొక్కటి పంపుతున్నాను:

చెల్లె, జర ఆగు, ఫోను పక్కకు పెట్టకు.