నాటకాలమ్మ పడిపోయిన రోజులు

అమ్మడూ,

నాన్న దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. హాస్టల్లో నువ్వు వేళకి తిని, వేళకి పడుకుంటున్నావని మా నమ్మకం.

అమ్మ మోకాలి గురించి అడిగావు. నన్ను కసరడానికి వంటింట్లోంచి గుమ్మం దాకా రాగలుగుతోంది కాబట్టి తగ్గినట్టే లెక్క. రెండు వారాలుగా ఉత్తరం లేదేమని దెబ్బలాడావు. పని ఎక్కువైందని రాయబోయి, ఒక కాగితం చింపేశాను. అది అబద్ధం.

ఇక మూడో ప్రశ్న. నాటకాలమ్మ కొత్త వేషాలేమిటని మీ గదిలో పిల్లలు అడుగుతున్నారన్నావు. నాటకాలమ్మ చచ్చిపోయిందమ్మా.

పొద్దున్నే నేను బోను కడుగుతుంటే ఆ కోతి కొమ్మ మీంచి జారిపడటం, చేతులు వణకడం, కళ్లు తేలేయడం, నోట్లో అరటిపండు ముక్క పెడితే కాసేపటికి లేచి కూర్చోవడం, అన్నీ నీకు కథలుకథలుగా రాశాను. పండు కోసం వేషాలేస్తోందని ఆ పేరు పెట్టింది నేనే. వేషం కాదట. దాన్ని కోసి చూశాక జూ డాక్టరమ్మ నన్ను పిలిచింది. పొట్ట వెనక పాంక్రియాస్‌లో శనగగింజంత గడ్డ ఉంది. అది ఇన్సులిన్‌ని అదుపు లేకుండా వదులుతుందట. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు రక్తంలో చక్కెర పడిపోయి ఒళ్లు తెలియదు, తీపి తగిలితే తేరుకుంటుంది.

"ఇంతకుముందు ఎప్పుడైనా పడిపోయిందా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను.

రిజిస్టరు తిరగేసింది. రోజూ నా చేతిరాతే: తిండి మామూలు, హుషారు మామూలు. వేళ కాని వేళ పండు పెట్టకూడదు కాబట్టి నేను ఒక్కసారి కూడా రాయలేదు. ఇరవై రెండేళ్లుగా కోతుల్ని చూస్తున్న మనిషికే కనబడలేదంటే ఇది చెప్పాపెట్టకుండా వచ్చే జబ్బే అని, ఆ మాటే రిపోర్టులో రాసుకుంది. దాన్ని మిగతా జూలకీ పంపుతుందట. అక్కడ ఇంకో కోతి ఇలాగే పడి లేస్తుంటే, ఈ జబ్బుకి ముందు సూచనలుండవన్న నా మాట నమ్మి దాని కీపరు కూడా వేషమే అనుకుంటాడు.

అసలు సంగతి ఇంకా రాయలేదు. ఈమధ్య అది పడినప్పుడల్లా జనం మూగేవారు. నేను పండు ముక్క పైకెత్తి, చచ్చిన కోతిని బతికిస్తాను చూడండి అనేవాణ్ణి. అది లేవగానే చప్పట్లు. ఇన్నేళ్లు బోనులు కడిగినవాడికి చప్పట్లు ఎవరు కొడతారు? నాకు రుచి తగిలింది.

ఆ ఆఖరి రోజు బడిపిల్లలు వచ్చారు. అది పడేసరికి వాళ్లింకా గేటు దగ్గరే ఉన్నారు. అందరూ వచ్చేదాకా పండు ఆపాను. వచ్చాక ఇరవై లెక్కపెట్టమన్నాను. సరదాగా ఉందని మళ్లీ లెక్కపెట్టించాను. అప్పుడు నోట్లో పెడితే మింగలేదు. ఒళ్లంతా ఒకసారి బిగుసుకుని వదిలేసింది. వేషం భలే కుదిరిందనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను తల వంచి నవ్వాను.

నిన్న మీ అమ్మకి చెప్పాను. "వెళ్లి ఆ డాక్టరమ్మకి చెప్పండి" అంది, అంతే.

చెబుతాను. ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. ఎప్పటినుంచి, ఏ పూట, పండు పెట్టాక ఎంతసేపటికి లేచేది అని ఆవిడ అడుగుతుంది. రిజిస్టరులో లేని ఆ తేదీలన్నీ నేను నీకు రాసిన ఉత్తరాల్లోనే ఉన్నాయి. అన్నీ పంపు తల్లీ. నాన్న పరువు కాపాడదామని ఒక్క ముక్క కూడా కొట్టెయ్యకు. డాక్టరమ్మ ఎదుట కూర్చుని వాటిని నేనే పైకి చదవాలి, నేను నవ్విన చోట్లతో సహా.

ఇట్లు,
నువ్వింకా అలాగే పిలుస్తావన్న ఆశతో,
నీ నాన్న