గాజు మీదికి రాని గాలి

పంజాగుట్ట,
డిసెంబరు 2

కారు ఏసీ, హీటరు నిపుణులు హనుమత్ప్రసాద్ గారికి ఛాయాదేవి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం, కారు తప్ప.

అమీర్‌పేటలో మీ షాపు గోడ మీద "ఫిర్యాదు కాగితం మీదే ఇవ్వగలరు" అన్న బోర్డు చూసి ప్రాణం లేచొచ్చింది. ముప్పై నాలుగేళ్లు పోస్టాఫీసులో పనిచేసినదాన్ని. నాకు ఫోను కంటే ఉత్తరమే నమ్మకం.

మాది 1999 నాటి తెల్ల కారు. హీటరు వేసి, మీట అద్దం బొమ్మ మీదికి తిప్పితే వేడిగాలి అద్దానికి కాకుండా నా కాళ్లకు కొడుతోంది. ఈ నెల ఇరవైన పాత కొలీగ్స్ నలుగురిని ఎక్కించుకుని లంబసింగి వెళ్తున్నాను. నేనే నడుపుతాను! ఆ చలిలో అద్దం మసకబారితే దారి కనిపించదు. మొన్న వానలో ఫ్లైఓవర్ మీద అలాగే అయింది. అప్పటినుంచి మావారు వీర్రాజు గారిది ఒకటే మాట: "పద్నాలుగో తారీఖు ఆదివారం పరీక్ష. ఐదు నిమిషాల్లో అద్దం తేటపడకపోతే కారు అమ్మేద్దాం." కొనేవాణ్ణి కూడా ఆ రోజుకే రమ్మన్నారు. నా కారు, నా ప్రయాణం, రెండూ మీ చేతుల్లో ఉన్నాయి.

ఆశతో,
ఛాయాదేవి

తా.క. మావారికి డ్రైవింగ్ రాదు. తీర్పులివ్వడం మాత్రం వచ్చు.

అమీర్‌పేట,
డిసెంబరు 3

గౌరవనీయులైన ఛాయాదేవి గారికి,

మీ ఉత్తరం అందింది. లోపాన్ని ఇంత వివరంగా రాసేవారు అరుదు.

డాష్‌బోర్డు లోపల చిన్న తలుపులాంటి రేకు ఉంటుంది. మీరు మీట తిప్పినప్పుడు అది కదిలి, గాలిని ముఖానికో, కాళ్లకో, అద్దానికో పంపుతుంది. ఆ రేకు ఎక్కడో చిక్కుకుని ఉండవచ్చు. నిర్ధారణ కాకుండా విప్పడం నా పద్ధతి కాదు. ఇంజను వేడెక్కాక ఫ్యాను రెండో నంబరులో పెట్టి, సన్నని కాగితపు ముక్కను ఒక్కొక్క గాలి రంధ్రం దగ్గర పట్టుకుని, ఎక్కడ ఎంత రెపరెపలాడిందో రాయగలరు. కంగారు వద్దు. పదకొండు రోజులున్నాయి.

భవదీయుడు,
హనుమత్ప్రసాద్

తా.క. ముఖ్యమైన కాగితాలు వాడవద్దు. గత వారం ఒకరి ఇన్సూరెన్సు పత్రం కిటికీలోంచి ఎగిరిపోయింది.

పంజాగుట్ట,
డిసెంబరు 5, శుక్రవారం

హనుమత్ప్రసాద్ గారికి,

పరీక్ష దిగ్విజయం! కాగితం కదలికలు నా కళ్లజోడుకు ఆనలేదు. అందుకని అగరుబత్తి వెలిగించాను. పొగ ఎటు పోతే గాలి అటే కదా!

ఇంజను వేడెక్కిందో లేదో చూద్దామని బానెట్ తెరిచి ఉంచి, లోపల గాలి రంధ్రాల దగ్గర నేను అగరుబత్తి తిప్పుతుంటే వాచ్‌మన్ ఐలయ్య పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, కారుకు పూజ చేస్తున్నరా? గిట్ల ఒక్కరే చేసుడేంది? మాకు జర చెప్పొద్దా!" అని పైకి కేక వేశాడు. పైఅంతస్తు వరలక్ష్మి కొబ్బరికాయతో, హరిణి హారతి పళ్లెంతో దిగారు.

"కొత్త కారా ఆంటీ?" అంది హరిణి.

"ఇరవయ్యారేళ్లదమ్మా."

"అయితే మస్తు దిష్టి ఉంటది" అని ఐలయ్య గుమ్మడికాయ కొట్టాడు. అందరూ కలిసి డాష్‌బోర్డు నిండా అక్షింతలు చల్లారు.

ఫలితం: పొగ ముఖం దగ్గర కొంచెం, కాళ్ల దగ్గర ధారాళం. అద్దం దగ్గర పూజకు ముందు కాస్త కదిలింది. పూజ తరవాత సున్నా.

ఉత్సాహంతో,
ఛాయాదేవి

తా.క. అక్షింతల సంగతి మామూలే లెండి. కొన్ననాటి నుంచి ప్రతి శుక్రవారం డాష్‌బోర్డు మీది వినాయకుడి ముందు చిటికెడు వేస్తూనే ఉన్నాను.

అమీర్‌పేట,
డిసెంబరు 6

గౌరవనీయులైన ఛాయాదేవి గారికి,

మీ పరీక్ష ఫలితాలు చక్కగా ఉన్నాయి. అయితే తాజా కలం నాలుగుసార్లు చదివాను. ఒకే ఒక్క ప్రశ్న: ఆ అక్షింతలు తరవాత ఏమవుతాయి?

భవదీయుడు,
హనుమత్ప్రసాద్

తా.క. బానెట్ తెరిచి ఉండగా గుమ్మడికాయ కొట్టవద్దని ఐలయ్య గారికి నా మనవి.

పంజాగుట్ట,
డిసెంబరు 7

హనుమత్ప్రసాద్ గారికి,

ఏమవుతాయేంటండీ? స్వామి స్వీకరిస్తాడు! ఈ శుక్రవారం వేసినవి మళ్లీ శుక్రవారానికి ఒక్క గింజ ఉండదు. ఇరవయ్యారేళ్లుగా ఇదే మహిమ. అపార్ట్‌మెంటులో ఇంకెవరి కారులోనూ లేదు.

గర్వంతో,
ఛాయాదేవి

తా.క. ఉత్తరం మడిచాక గుర్తొచ్చింది. వినాయకుడి బొమ్మ వెనకాల, అద్దం అంచున పొడుగాటి సందు ఉంది. అయ్యయ్యో! రేపు పొద్దున్నే కారు తెస్తున్నాను. మావారికి మాత్రం చెప్పకండి!

అమీర్‌పేట,
డిసెంబరు 11

గౌరవనీయులైన ఛాయాదేవి గారికి,

శుభవార్త. డాష్‌బోర్డు విప్పడానికి ఐదు గంటలు పట్టింది. అద్దానికి గాలి వెళ్లే గొట్టం అడుగున, సరిగ్గా ఆ రేకు మీద, ముప్పావు కిలో అక్షింతలు గట్టిపడి ఉన్నాయి. రేకు తెరుచుకోలేదు. దారి దొరికిన కాళ్ల వైపుకే గాలి మళ్లింది. అంతా శుభ్రం చేసి, సందు కింద సన్నని జాలీ బిగించి, పదిసార్లు పరీక్షించాను. పదిసార్లూ గాలి అద్దానికే వెళ్లింది!

ఇంట్లో చూపించే రిపోర్టులో "రేకు బిగుసుకుపోయినది, సరిచేసి జాలీ అమర్చడమైనది" అని మాత్రమే రాశాను. అందులో అబద్ధం ఏమీ లేదు.

భవదీయుడు,
హనుమత్ప్రసాద్

తా.క. ఆ గింజలను చెత్తలో వేయడానికి మనసొప్పలేదు. షాపు మేడ మీద పావురాలు స్వీకరించాయి.

పంజాగుట్ట,
డిసెంబరు 14, ఆదివారం

హనుమత్ప్రసాద్ గారికి ఛాయాదేవి భర్త వీర్రాజు వ్రాయునది.

పరీక్ష ముగిసింది. కిటికీలు మూసి, ఇరుగుపొరుగుతో కలిపి ఐదుగురం లోపల కూర్చుని వేడి టీ తాగి మరీ అద్దం మసక చేశాం. మూడు నిమిషాల పది సెకన్లలో తేటపడింది! మా ఆవిడ పట్టలేక హారన్ మోగిస్తూనే ఉంది. కొనడానికి వచ్చినాయన్ని టీ ఇచ్చి పంపేశాను.

ఇక అసలు సంగతి. మీ రిపోర్టులో అక్షింతల మాట లేదు. మీరు మంచివారు. కానీ నాకు తెలుసు. ప్రతి గురువారం కారు తుడిచేది నేనే. అక్షింతలు కాళ్ల కింద పడితే పాపమని అద్దం అంచున సందులోకి దులిపేవాణ్ణి. మొదటి వారమే ఛాయ "చూశారా, స్వామి స్వీకరించాడు!" అని సంబరపడింది. అంతే, ఇరవయ్యారేళ్లు నోరు విప్పలేకపోయాను. ఫ్లైఓవర్ మీద అద్దం మసకబారగానే కారణం నాకు తెలిసిపోయింది. ఎవరైనా డాష్‌బోర్డు విప్పితే నా గుట్టు బయటపడుతుంది. కారు అమ్మేద్దామన్నది అందుకే.

దయచేసి ఆవిడకు చెప్పకండి.

మీ మేలు మరువని,
వీర్రాజు

తా.క. మొన్న శుక్రవారం ఆవిడ మళ్లీ అక్షింతలు వేసి, "ఇప్పుడు జాలీ ఉందిగా, చూద్దాం స్వామీ" అని గొణుక్కోవడం విన్నాను. గురువారంలోగా వాటిని ఎక్కడ మాయం చెయ్యాలో, కారుకు హాని లేని చోటు ఏదైనా సూచించగలరు.