పదిహేడో నంబరు కాపీ

ప్రాణంతో సమానమైన అక్కకి,

ఈ ఉత్తరం ఇంటికి కాకుండా నీ పళ్లు కట్టే ల్యాబుకి ఎందుకొచ్చిందా అనుకుంటావు. ఇంటికి పంపితే బావ చేతిలో పడుతుంది. ఫోన్ చేద్దామంటే నువ్వెప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతావు, పక్క నుంచి బావ "ఏరా చిన్నోడా, ఇవాళ ఎవరికి శిక్ష పడింది?" అని అందుకుంటాడు. ఇది బావ వినకూడని సంగతి. బావ గురించిన సంగతి.

ఇరవై రెండేళ్లుగా కోర్టు వార్తలు రాస్తున్నాను. అనుమానానికీ సాక్ష్యానికీ తేడా నాకు తెలుసు. అందుకని ముందు నేను చూసిందీ విన్నదీ చెబుతాను, నా అభిప్రాయం చివర్లో. కాదనిపిస్తే చించి పారెయ్.

"ఒంటిచెయ్యి" అనే పేరుతో వచ్చే రికార్డులు నేను కొంటానని నీకు తెలుసు. ఎంత పిచ్చిగా కొంటానో తెలియదు. ఆరేళ్లలో తొమ్మిది వచ్చాయి, ఒక్కోటీ యాభై కాపీలే. ఫ్యాక్టరీలో అచ్చొత్తేవి కావు. ఒక్కో ఖాళీ రికార్డు పళ్లేన్నీ మిషను మీద పెట్టి, పాట మోగుతుండగా గాడి చెక్కుతారు. పాట ఎంతసేపో చెక్కడం అంతసేపు. యాభై కాపీలంటే యాభైసార్లు. అట్ట మీద బొమ్మ ఉండదు, మనిషి పేరు ఉండదు. రబ్బరు ముద్రతో కాపీ నంబరు, రికార్డు చేసిన తేదీ, కింద "వాయిద్యాలూ గొంతూ అన్నీ ఒక్కరే" అని ఒక ముక్క. లోపల నిమిషమున్నర పాటలు. హార్డ్‌కోర్ పంక్. పాడేది ఎవరో పోల్చుకోలేనంతగా మైకు పగిలే అరుపు, దాన్ని వెనక నుంచి తరుముకొచ్చే డ్రమ్స్. నేను కొనేది ఆ డ్రమ్స్ కోసం.

పెద్ద బ్యాండులో వాయిస్తూ, తీరిక వేళల్లో బావ ఒక్కడే నడిపే పక్క ప్రాజెక్టు ఇదని ఈ రికార్డులు కొనే వాళ్లందరి నమ్మకం. బావ అవుననడు, కాదనడు. పార్సిల్ మీద చిరునామా మాత్రం ఆయన దస్తూరీయే. నేనూ అడగలేదు. మారుపేరుతో, పోస్టు బాక్సు పెట్టుకుని కొంటున్నాను. బావ దగ్గర చెయ్యి చాపి తీసుకుంటే అది సేకరణ అనిపించుకోదు.

నిన్న రికార్డుల కొట్టు నడిపే గుండు దగ్గరికి తొమ్మిదోది పట్టుకెళ్లాను. అతని కాపీ అతనికీ వచ్చింది.

"నీది మళ్లీ పదిహేడేనా?" అన్నాడు.

"మళ్లీ పదిహేడే."

"తొమ్మిదికి తొమ్మిదీ పదిహేడు! లాటరీ కొనవయ్యా మహానుభావా, నాకు సగం ఇద్దువుగాని."

ఇద్దరివీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి విన్నాం. గుండుది ముప్ఫై రెండో నంబరు. పాట అయిపోయింది, సూది జారిపోయింది. నాది పాట అయ్యాక ఇంకో నలభై సెకన్లు నడిచింది. స్టూలు జరిగిన చప్పుడు. ఎవరో చెక్క మీద తట్టారు: మూడుసార్లు, ఆగి, రెండుసార్లు. తర్వాత ఏమీ లేదు. ఆ చివరి ముక్క నా దగ్గరున్న తొమ్మిదింటిలోనూ ఉంది. అందరి కాపీల్లోనూ ఉంటుందనుకున్నాను ఇన్నాళ్లూ.

గుండు బోడితల నిమురుకుని, "ఇది పనిగట్టుకుని నీకోసం చెక్కిందే. బావమరిదివని సరసమాడుతున్నాడేమో" అన్నాడు.

"కొనేది నేనని బావకి తెలియదు."

"తెలీదని నువ్వనుకుంటున్నావు."

ఇంటికొచ్చి అన్నీ మళ్లీ విన్నాను. ఆరోదాంట్లో రెండు పాటల మధ్య దగ్గు వినిపిస్తుంది. ఆడమనిషి దగ్గు. పోయినేడు బావ మణికట్టు విరిగి రెండు నెలలు కట్టుతో ఉన్నాడు, చొక్కా గుండీలు కూడా నువ్వే పెట్టావు. ఏడో రికార్డు మీద ముద్ర వేసిన తేదీ సరిగ్గా ఆ రోజుల్లోది. తొమ్మిదింటిలోకీ వేగంగా డ్రమ్స్ మోగేది దానిలోనే. ఇంకొకటి. పాట అయ్యాక మిగిలే నున్నటి అంచులో ప్రతి రికార్డు మీదా "విను" అని గీసి ఉంటుంది. చీమ తలకన్నా చిన్న అక్షరాలు. దేనితో గీశారో గుండుకీ అర్థం కాలేదు. బల్బు మార్చమంటే హోల్డరు ఊడబెరికే బావకి అంత సన్నపని రాదు. చివరిగా, వాళ్ల బ్యాండులో గిటారు వాయించే అతన్ని మాటల్లో పెట్టాను. గురువారాలు వాళ్లకి ప్రాక్టీసు లేదట. ఆరేళ్లుగా లేదట. బావ మాత్రం గురువారం మధ్యాహ్నమైతే సంచులు పట్టుకుని ఎక్కడికో వెళతాడట. ఇంట్లో ఏం చెప్పి వెళతాడో నాకు తెలియదు.

ఒక చేత్తో తడితే చప్పుడు రాదంటారు. రెండో చెయ్యి ఎవరిది? నా అభిప్రాయం: బావ ఎవరో ఆవిడతో ఒక గదిలో ఉంటున్నాడు. ఆ తట్టడం వాళ్లిద్దరి మధ్య ఏదో సంకేతం. నాకు పంపే కాపీలో అది వదిలి, నన్ను చూసి నవ్వుకుంటున్నారు. నన్ను చూసి నవ్వుకుంటే పోనీలే అనుకుందును. మోసపోతున్నది నువ్వు.

మనం బ్యాండు పెట్టి వాయించిన టైర్ల షెడ్డు రోజులు గుర్తొచ్చాయి. నేను గిటారు, నువ్వు డ్రమ్స్. నీకు విసుగొచ్చి మానేశావు. నీ స్టూలు మీదికి బావ వచ్చాడు, తర్వాత మన ఇంట్లోకీ వచ్చాడు. రానిచ్చింది నేనే కదా అని ఇప్పుడు బాధగా ఉంది.

నీ జవాబు వచ్చేదాకా బావ ముఖం చూడలేను.

నీ చిన్నోడు

*

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం భోజనాల వేళకి వచ్చింది. చదివి నవ్వాను. ల్యాబులో పిల్లలు ఏంటి మేడం అని అడిగితే మా తమ్ముడు అన్నాను. రెండోసారి చదివాక నవ్వు రాలేదు.

సాక్ష్యాలు బాగా కూడబెట్టావు. తీర్పు కూడా నువ్వే చెప్పేశావు. ఇంక కోర్టుతో పనేముంది?

బావ గురువారాలు ఎక్కడికి వెళతాడో నాకు తెలుసు. నేను చెబితే కాపురం కాపాడుకోవడానికి కప్పిపుచ్చుతున్నానంటావు. అందుకని చెప్పను. నువ్వే వెళ్లి చూడు. కుట్టుమిషన్లు బాగుచేసే వీధి, మూడింటి తర్వాత. ఒక్క మాట. చిన్నప్పటి నుంచీ నీది సగం చూసి పరిగెత్తుకొచ్చే అలవాటు. ఈసారి చివరిదాకా చూడు. మెట్లుంటే ఎక్కు.

అక్క

*

అక్కా,

వెళ్లాను. ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది.

మూడూ పదికి బావ వచ్చాడు. రెండు చేతుల్లో రెండు సంచులు, చంకలో అట్టల కట్ట. మూసేసిన షట్టరు పక్కన ఇనుప మెట్లున్నాయి. ఇరవై ఒకటి, లెక్కపెట్టాను. ఎక్కి లోపలికి వెళ్లాడు. నేను ఎదురుగా టీకొట్టులో స్తంభం చాటున కూర్చున్నాను. ఐదు నిమిషాలకి డ్రమ్స్ మొదలయ్యాయి. ఒంటిచెయ్యి డ్రమ్సే, సందేహం లేదు. ఆరేళ్లుగా వింటున్నాను, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పోనీలే బావే వాయిస్తున్నాడు, నాదే పొరపాటు అనుకుని కప్పు ఎత్తాను. అప్పుడు బావ మెట్లు దిగి వచ్చాడు. నాకు నాలుగు గజాల దూరంలో, నాకు వీపు పెట్టి నిలబడి టీ చెప్పాడు. పైన డ్రమ్స్ మోగుతూనే ఉన్నాయి.

టీ తాగి, పేపరు చంకలో పెట్టుకుని బావ వీధి చివరికి నడిచాక, కొట్టాయన్ని అడిగాను.

"పైన ఎవరండీ?"

"ఎవరో మేడమండి. గురువారం గురువారం వస్తారు. పిడుగులు పడ్డట్టే అనుకోండి."

"మరి ఈయన?"

"ఆయనా పాపం, ఆ మోతకి కిందికొచ్చి కూర్చుంటాడు. అడిగితే 'పైన పెద్దావిడ పనిలో ఉందిలే' అంటాడు, నవ్వుతాడు. మీకేమైనా అభ్యంతరమా అండీ? చప్పుడు గురించి వచ్చారా?"

లేదని చెప్పి వచ్చేశాను.

మెట్లుంటే ఎక్కమన్నావు. ఎక్కలేదు. ఎక్కి ఆమె ముఖం చూస్తే, ఎలా ఉందో నీకు చెప్పాల్సి వస్తుంది. అది నా వల్ల కాదు.

ఇంకొకటి కూడా నిజమే, నీ దగ్గర దాచడమెందుకు. అక్కడ కూర్చున్న ఇరవై నిమిషాల్లో మొదటి ఐదు నిమిషాలే నీ గురించి ఆలోచించాను. మిగతాదంతా విన్నాను. ఆరేళ్లుగా నాకు నచ్చింది బావ వాయింపు కాదు, ఆమెది. నీ కాపురంలో చిచ్చు పెట్టిన మనిషి, ఆమె వాయిస్తుంటే లేచి రాబుద్ధి కాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. తొమ్మిది రికార్డులూ అట్టపెట్టెలో పెట్టి తాడు కట్టాను. గుండుకి ఇచ్చేస్తాను.

ఈ ఆదివారం కాదు, పై ఆదివారం మీ ఇంటికొస్తున్నాను. బావని నీ ఎదురుగానే అడుగుతాను. నువ్వు అడ్డు రాకు.

చిన్నోడు

*

నాయనా చిన్నోడా,

ఆదివారం రాకు. వచ్చి బావని ఒక్క మాటన్నా తర్వాత నువ్వే తల దించుకోవాల్సి వస్తుంది. ఇరవై రెండేళ్లుగా మెట్ల కిందే కూర్చుని ఇలాగే వార్తలు రాస్తున్నావా ఏంట్రా? మెట్లు లెక్కపెట్టావు గాని ఎక్కలేదు.

ఆ మేడం నేనే.

డ్రమ్స్ నేనే, గిటారు నేనే, ఆ అరుపూ నాదే. ల్యాబుకి గురువారం ఒంటిపూట అని నీకు ఎన్నిసార్లు చెప్పానో. ఆ దగ్గు ల్యాబులో ప్లాస్టర్ పొడి వల్ల వచ్చే దగ్గు. "అక్కా, డాక్టరుకి చూపించుకో" అని ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు సతాయిస్తావే, ఆ దగ్గే. రికార్డులో వినిపిస్తే మాత్రం ఎవరో ఆడమనిషిది అయిపోయిందా? అంచు మీద అక్షరాలు గీసింది మైనపు పళ్లు చెక్కే పనిముట్టుతో. రోజూ అలాంటి పనే చేసే చెయ్యి ఇది. చెక్కే మిషను బావే మూతబడ్డ స్టూడియోలో వెతికి పట్టుకొచ్చాడు. అట్టలు మడిచేది, చిరునామాలు రాసేది, పోస్టులో వేసేది ఆయన. బ్యాండులో ఇన్నేళ్లు వాయించి ఒక చెవిలో ఎప్పుడూ ఈల మోగుతుంటుంది, అందుకని నేను మొదలుపెట్టగానే కిందికి పోతాడు. ప్రాజెక్టు మీదేనా అని ఎవరడిగినా నవ్వి ఊరుకోమని నేనే ఒట్టు వేయించుకున్నాను.

మీ పేపర్లో తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తారుగా. నాదీ ఒక సవరణ ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు ఆలస్యమైంది.

నాకు విసుగొచ్చి మానలేదు. మొదటి ప్రదర్శనకి ముందు రోజు సాయంత్రం, షెడ్డులో, బ్యాండులో మిగతా ఇద్దరూ వింటుండగా నువ్వన్నావు: "అక్కా, నువ్వు వాయిస్తే జనం పాట వినరు, నిన్ను చూస్తారు." కోపంతో అనలేదు. చాలా మామూలుగా అన్నావు, బస్సు టైము చెప్పినట్టు. అందుకే నీకు గుర్తు లేదు. నేను చేతిలో కర్రలు స్టూలు మీద పెట్టి ఇంటికొచ్చేశాను. నా చోట టైర్ల ఆయన కొడుకుని కూర్చోబెట్టావు. ఆ ఒక్క రాత్రిలో ఆ అబ్బాయికి ఏమొస్తుంది? మర్నాడు పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడి, "కాస్త చూపించవా" అని అడిగాడు. చూపించాను. ఆ సాయంత్రం అతను వాయించినవన్నీ నావే. పెళ్లయ్యాక ఒకరోజు బావే అన్నాడు, "నీ స్టూలు మీద కూర్చున్నాను, లేవడం తెలియలేదు" అని. ఆ మనిషి మీదరా నువ్వు కేసు పెట్టింది.

ఈ రికార్డులు కక్షతో చేశావా అని అడిగితే, మొదట్లో కొంచెం కక్షే. బొమ్మ లేకుండా, పేరు లేకుండా, చూడటానికి ఏమీ లేకుండా చేద్దాం, అప్పుడైనా వింటారేమో చూద్దాం అనుకున్నాను. మొదటి రికార్డుకి పదకొండు ఆర్డర్లొచ్చాయి. అందులో ఒకటి మీ ఆఫీసు వీధి పోస్టు బాక్సు నుంచి. మారుపేరుగా మన చిన్నప్పటి కుక్క పేరు పెట్టుకున్నావు చూడు, అది చూసి నేనూ బావా కింద పడి నవ్వాం. నవ్వు ఆగాక ఏం పంపాలో తోచలేదు. ఉత్తరం రాద్దామంటే మాట రాలేదు. మిషను మీద ఇంకో పళ్లెం పెట్టి, పాట అయ్యాక ఆపకుండా వదిలేసి, మైకు ముందు చెక్క మీద తట్టాను. పదిహేడే ఎందుకంటావేమో. ఆ పూట చేతికొచ్చిన అట్ట మీద ఆ నంబరుంది, తర్వాత నీకు దాన్నే ఉంచేశాను. అన్నిటికీ అర్థం ఉండదు.

తట్టినదానికి మాత్రం ఉంది. చిన్నప్పుడు మన గదుల మధ్య చెక్క అడ్డు ఉండేది, గుర్తుందా? మూడు, ఆగి, రెండు. "లేచి ఉన్నావా?" అని నేను అడగడం. నువ్వు ఒక్కసారి తట్టేవాడివి, ఉన్నానని. తొమ్మిదిసార్లు అడిగాను. ఆ తర్వాత ఏమీ లేదని రాశావు. అది నీకోసం వదిలిన చోటు.

నువ్వన్న మాట మర్చిపోయానని చెప్పను. కానీ ఎవరో తెలియకుండా వాయింపు విని, లేచి రాబుద్ధి కాలేదని రాశావు. ఆ ఉత్తరం బావకి చదివి వినిపించాను. ఆయన అద్దాలు తుడుచుకోవడానికి లేచి వెళ్లాడు. నేను దాన్ని చెక్కే మిషను పెట్టెలో దాచుకున్నాను.

ఆ అట్టపెట్టె తాడు విప్పు. గుండుకి ఇచ్చావో, కాళ్లు విరగ్గొడతాను.

పదో రికార్డు వచ్చే గురువారం చెక్కుతున్నాను. నలభై తొమ్మిది కాపీలే. పదిహేడోది నువ్వొచ్చాకే. ఇరవై ఒక్క మెట్లూ ఎక్కి రా. తలుపు తీసే ఉంటుంది, అయినా ఒక్కసారి తట్టు. మైకు ఆపకుండా ఉంచుతాను.

అక్క