సింహాలున్నా సరే

ప్రియమైన బాబాయికి,

కార్డు అందింది. రాసింది నాలుగు ముక్కలు, అందులో మూడు పుస్తకాల గురించే. "ఆఫ్రికా అడవుల్లో దొరలు తిరిగే సాహసాల నవలలు లావుపాటివి చూసి పంపరా, ఓడలో పొద్దుపోవడం లేదు" అన్నావు. ఇంజను గదిలో నూనె పెట్టే మనిషికి పొద్దుపోకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. పోనీ, అడిగావు గనక పంపుతున్నాను. లైబ్రరీ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, ఏ పుస్తకం చదవొచ్చో చెప్పడం నా పని. నచ్చిందని చెప్పడం మాత్రం నా వల్ల కాదు.

ఎర్ర అట్టది ముందు చదువు. కథ పరుగెత్తుతుంది, కాదనను. ఒక దొర ఏనుగు దంతాల కోసం సరస్సు దాకా నడుస్తాడు. నడిచేది ఆయన, మోసేది ఊళ్ళవాళ్ళు. ఆయనగారు స్నానం చేసే తొట్టి కూడా ఒకడి నెత్తిమీదే! కుక్క చచ్చిపోతే రెండు పేజీలు ఏడుస్తాడు. అదే అధ్యాయంలో "ఏరు దాటుతుండగా ఇద్దరు కూలీలు పోయారు" అని అర లైను. కుక్కకి పేరుంది, తుపాకీకి పేరుంది, మనిషికి లేదు బాబాయ్! చివర్లో సరస్సు ఒడ్డున సామాను కాపలాకి ఒకణ్ణి వదిలేసి, దొర తన దేశం పోయి దండలు వేయించుకుంటాడు. ఆ కాపలావాడి కోసం ఎవరూ తిరిగి రారు. ఒళ్ళు మండి, కూలీ కనిపించిన ప్రతిచోటా అంచున పెన్సిల్‌తో "ఇతని పేరేమిటి?" అని రాశాను. అడ్డొస్తే సర్దుకో.

రెండోది సింహాలది. రైలుదారి వేస్తుంటే సింహాలొచ్చి మనుషుల్ని ఎత్తుకెళ్తాయి. సింహం ఎత్తుకుపోయినవాళ్ళ కంటే జ్వరాలతో, దెబ్బలతో పోయినవాళ్ళే ఎక్కువమంది. కానీ జ్వరాన్ని తుపాకీతో కాల్చి పక్కన నిలబడి ఫోటో దిగలేరుగా! ఇక జన్మలో సింహాలున్న పుస్తకం ముట్టను. రాసిపెట్టుకో.

ఇలాంటివన్నీ కార్యదర్శిగారు అద్దాల బీరువాలో ముందు వరసలో పెట్టిస్తున్నారు. మొన్న ఆ విషయంలోనే అరుచుకున్నాం. పిన్ని కులాసా. నువ్వు ఎప్పుడొస్తావని అడగడం మానేసింది. అది మంచిదో కాదో నాకు తెలియదు.

నీ కోపిష్టి కొడుకు,
కరపత్రం


ప్రియమైన మా ఇంటి కరపత్రానికి,

మంచినీళ్ళ పడవలో నీ పుస్తకాలొచ్చాయి. రేవు బయట లంగరు వేసుకుని ఉన్నాం. లోపల చోటు లేదట, వంతు వచ్చేదాకా ఆగమన్నారు. ఆగుతున్నాం. ఇంజనుకీ విశ్రాంతే, నాకూ విశ్రాంతే.

సాయంత్రాలు డెక్కు మీద కూర్చుని పైకి చదువుతున్నాను. వంటాయనా, సరంగూ, రంగులు వేసే తాతా వింటారు. కుక్క చచ్చినప్పుడు వంటాయన కళ్ళు తుడుచుకున్నాడు. నీ పెన్సిలు రాతలు కూడా వదలకుండా చదివాను. "ఎవడయ్యా వీడు, కథ మధ్యలో పోలీసువాడిలా పేర్లడుగుతాడు?" అన్నాడు సరంగు. తాత ఊరుకోలేదు. "అడిగాడుగా పాపం, చెప్పండి" అన్నాడు. ఇక ప్రతి కూలీకీ వాళ్ళే పేర్లు పెట్టడం మొదలెట్టారు. తొట్టి మోసేవాడు తొట్టెబాబు. ఇప్పుడు దొర ఏమైపోయినా ఎవరికీ పట్టదు. తొట్టెబాబు ఏరు దాటాడా లేదా అన్నదే బెంగ.

దాటలేదు. ఆ పూట ఎవరికీ ముద్ద దిగలేదు.

ఇంకోటి చూసి పంపు. నదిలోనో ఎక్కడో పడవ చిక్కుబడిపోయిన కథ ఉందా? నీళ్ళకి ఏం చేశారో వివరంగా ఉండాలి. నిజంగా జరిగిందైతే మరీ మంచిది.

ఉత్తరాలు లైబ్రరీకే రాస్తాను. నా కోడిగీతలు చదివి పిన్ని కళ్ళు పాడుచేసుకోవడం దేనికి.

అలాగే ఉన్న,
బాబాయి


ప్రియమైన బాబాయికి,

నిజం కావాలన్నావు. ఇదిగో నిజం. పలచటి పుస్తకమే, కానీ నేను రెండుసార్లు కిందపెట్టి బయటికెళ్ళి తిరిగొచ్చాను.

నది మీద రబ్బరు తెచ్చే ఆవిరి పడవ. ఎక్కడో దూరదేశంలో కంపెనీ మూతపడింది. ఆ సంగతి బొయిలరులో కట్టెలు వేసేవాళ్ళకి ఎవరు చెప్తారు? కెప్టెను దొర చిన్న పడవలో జారుకున్నాడు. మిగిలినవాళ్ళు నది మలుపులో అలాగే ఉండిపోయారు. తర్వాతెప్పుడో విచారణ జరిగితే వాళ్ళు చెప్పుకున్న మాటలే ఈ పుస్తకం. నువ్వడిగిన నీళ్ళ సంగతీ ఉంది. గుడారపు గుడ్డ కట్టి వాననీళ్ళు పట్టుకున్నారు. నువ్వు దాన్ని వంటల పుస్తకంలా చదవకు. డెక్కు మీద చల్లగాలికి కూర్చుని కథలు వింటున్న మీకు ఇది కొంచెమైనా గుచ్చుకోవాలి!

నేను "పేరులేని మోతగాళ్ళు" అని ఒక కరపత్రం రాస్తున్నాను. ప్రెస్సు ఆయన "నూరేళ్ళ కిందటి కూలీల కోసం ఇప్పుడు అచ్చెందుకు బాబూ?" అన్నాడు. ఇప్పుడూ ఎక్కడో ఎవడో మోస్తూనే ఉంటాడు, మన కంటికి కనపడడు, అంతే అన్నాను. ఆయన ఆవలించాడు. అందరికీ ఆవలింతలే బాబాయ్. ఒక్కణ్ణే అరిచి అరిచి నాకూ విసుగొస్తోంది.

నీ,
కరపత్రం


ఒరే నాన్నా, కరపత్రం,

పుస్తకం అయిపోయింది. సరంగూ తాతా సెలవు మీద దిగి వెళ్ళిపోయారు. ఇప్పుడు వినేది వంటాయన ఒక్కడే. వాన పడింది. గుడ్డ కట్టే పద్ధతి అందులో బాగానే రాశారు.

విచారణ దగ్గరే పుస్తకం ఆగిపోయిందేమిరా? వాళ్ళు ఇళ్ళు చేరారా? అందరికంటే ఆఖరున మిగిలినవాడు ఎలా దిగాడు? రెండో భాగం ఉందేమో చూడు. లేకపోతే తెలిసినవాళ్ళనెవరినైనా అడుగు.

ఒంట్లో కొంచెం నలతగా ఉంది, అంతే. పిన్నిని అడిగానని చెప్పు.

బాబాయి


ప్రియమైన బాబాయికి,

నీ ఉత్తరం చదివి నాకు మండిపోయింది. ఒక కంపెనీ మనుషుల్ని అరటితొక్కల్లా నదిలో పారేసి పోతే, నీకు కావలసింది వాననీళ్ళు, గుడ్డ ముడులు, రెండో భాగం! అదేమైనా సీరియలా? ఒక్కచోటైనా కంపెనీని తిట్టావా? ఇన్నేళ్ళు వాళ్ళ ఓడల్లో చేసి చేసి నువ్వు కూడా దొర పక్కనే నిలబడి చూడడం నేర్చుకున్నావు. "ఎలా దిగాడు" కాదు బాబాయ్, "ఎందుకు వదిలేశారు" అనడగాలి. ఆ కట్టెలు వేసేవాడు ఏమన్నాడో చదివావా అసలు? ఉండు, పుస్తకంలోంచే ఎత్తి రాస్తాను.

"వంతు రాలేదు, ఆగమన్నారు. ఆగాం. ముందు పెద్దవాళ్ళు దిగారు. తర్వాత ఒక్కొక్కరికీ సెలవని చెప్పారు. ఆఖరికి ఇంజను దగ్గరివాణ్ణి నేను మిగిలాను."

బాబాయ్.

ఇక్కడిదాకా రాసి నీ ఉత్తరాలన్నీ సొరుగులోంచి తీసి బల్ల మీద పరిచాను. కవర్ల మీద అన్నిటికీ ఒకే రేవు ముద్ర. "వంతు వచ్చేదాకా ఆగమన్నారు." "సెలవు మీద దిగి వెళ్ళిపోయారు." మంచినీళ్ళ పడవ ఉండగా వాననీళ్ళెందుకు పట్టుకుంటున్నావు? ఆ పడవ రావడం మానేసిందా?

పైన రాసింది చింపను. నా తెలివి ఎంతో నువ్వూ చూడు. ఇంజను ఆఖరిసారి ఎప్పుడు తిరిగింది? వంటాయన ఉన్నాడా? నిజం రాయి. పిన్నికి చెప్పను.

కరపత్రం


ప్రియమైన కరపత్రానికి,

అవునురా. నువ్వనుకున్నదే. కంపెనీ లేదు. ఆఫీసులో టెలిఫోను మోగుతుందట, తీసేవాళ్ళు లేరట. నీళ్ళ పడవ ఎప్పుడో బుద్ధిపుడితే వస్తుంది. వంటాయన కూడా వెళ్ళిపోయాడు.

కోర్టు ఓడని జప్తు చేసింది. ఖాళీగా ఉంచకూడదు, కావలికి ఒకరి పేరు కావాలన్నారు. అప్పుడు కాగితం పెట్టిన బల్లకి అందరికంటే దగ్గరగా నిలబడ్డది నేనే. వారం రోజులే అన్నారు, సంతకం పెట్టాను. ఇప్పుడు ఓడ అమ్ముడైనా పోవాలి, నా బదులు ఇంకొకరైనా సంతకం పెట్టాలి. అంతవరకు దిగితే జైలు. వంటాయన పెడతానన్నాడు. చంటిపిల్లల తండ్రి, నోరు మూసుకుని పొమ్మన్నాను.

కూలీలకి పేర్లు లేవని అంత యుద్ధం చేశావే, ఈ ఓడలో పేరున్నవాణ్ణి నేనొక్కణ్ణేరా. ఆ పేరే నన్ను పట్టుకుంది. తొట్టెబాబులా కాగితం మీద పేరు లేకుండా ఉండుంటే ఎప్పుడో దిగిపోయేవాణ్ణి.

నువ్వు తిట్టినందుకు నాకేం లేదు. పొయ్యి వెలగని ఈ ఓడలోకి వేడివేడిగా వచ్చేది నీ కోపమొక్కటే. అది తగ్గించుకోకు.

ఎదురుగా రేవు దీపాలు కనిపిస్తాయి. ఈత వచ్చినవాడికి పెద్ద దూరం కాదు. ఈ మధ్య అటువైపు చూడడం మానేసి వెనకవైపుకి వచ్చి కూర్చుంటున్నాను. అలిసిపోయానురా.

ఒక్క పుస్తకం పంపు. ఆఖరివాడు దిగి ఇల్లు చేరే పుస్తకం. లేకపోతే ఉందని మాత్రం అబద్ధం చెప్పకు.

బాబాయి


ప్రియమైన బాబాయికి,

నీ కేబిన్లో, నీ మంచం మీద కూర్చుని రాస్తున్నాను. నిచ్చెన దగ్గర నువ్వు తిట్టిన తిట్లు ఇంకా చెవిలో మోగుతున్నాయి. "దిగరా కిందికి" అని నువ్వు, "ముందు నువ్వు దిగు" అని నేను. "గొళ్ళెం వెయ్యడం రాని వెధవ్వి, ఓడ కాస్తావా!" అన్నావు. కింద పడవలో నావికుల సంఘం పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "తొందరగా తేల్చండి బాబూ, లేకపోతే ఇద్దరికీ కలిపి నీళ్ళు పంపిస్తాను" అన్నాడు చూడు, అప్పుడు నీకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే నిన్ను పడవలోకి దించేశాం.

అక్కడ చెప్పడానికి వీలుపడలేదు, ఇప్పుడు చెప్తున్నాను. నువ్వడిగిన పుస్తకం లేదు. అన్ని బీరువాలూ వెతికాను. కార్యదర్శిగారు కూడా నాతోపాటు బల్ల ఎక్కి వెతికారు. చివరికి సంఘం ఆఫీసుకి పోయి పెద్దాయన్ని అడిగాను. "పుస్తకం సంగతి తెలీదు గాని దారి ఉంది. కావలి పేరు మార్చమని కోర్టుని అడగొచ్చు. మావాళ్ళు వంతులవారీగా వచ్చి కూర్చుంటారు. మొదటి వంతుకే మనిషి లేడు" అన్నాడు. ఇన్నాళ్ళూ నోటితో మోశాను. ఒక్కసారైనా నెత్తిమీద పెట్టుకోవాలిగా, నేనున్నానన్నాను. కోర్టు ఒప్పుకుని నీ పేరు బదులు నా పేరు రాసుకుంది. కాదని ఉత్తరం రాసే వ్యవధి నీకివ్వకూడదనే ముందు చెప్పలేదు.

గుడ్డ కట్టాను. గాలికి రెండుసార్లు ఊడింది, మళ్ళీ కట్టాను. గొళ్ళెం వెయ్యడం వచ్చేసింది. పొద్దున్నే లేచి చుట్టూ తిరుగుతాను, తిరిగాక ఇంకా పొద్దున్నే ఉంటుంది. ఏ పనీ చెయ్యకుండా కూడా ఇంత అలిసిపోవచ్చని నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు. రేవు దీపాల వైపు నేనూ చూడడం లేదు.

కౌంటర్లో నా కుర్చీలో నువ్వు కూర్చుంటున్నావని పిన్ని రాసింది. అడిగినవాళ్ళకల్లా తొట్టెబాబు కథ చెప్తున్నావట. మొన్న ఒకావిడ "తొట్టెబాబు పుస్తకం ఇవ్వండి" అని అడిగిందట కదా!

ఆ ఎర్ర అట్ట పుస్తకం ఇక్కడే మర్చిపోయావు. నిన్న మళ్ళీ చదివాను. నేను "ఇతని పేరేమిటి?" అని అడిగిన ప్రతిచోటా మీవాళ్ళు జవాబు రాశారు. ఆఖరి పేజీలో, సరస్సు ఒడ్డున సామాను దగ్గర వదిలేసిన కాపలావాడి పక్కన, నీ పేరు ఉంది. అది నీ రాతే.

దాన్ని కొట్టేశాను బాబాయ్. పక్కన నా పేరు రాశాను. పెన్సిల్‌తోనే రాశాలే, నా తర్వాత వంతువాడు చెరపాలి కదా.

పడవ వచ్చేలోగా ఏదైనా ఒక పుస్తకం చూసి పంపు. లావుపాటిది. సింహాలున్నా సరే.

నీ,
కరపత్రం