సాంబయ్య మామ పడవకు రంగు

గోదావరి ఒడ్డు, భూపాలపల్లి అవతల
27-9-2011

శ్రీలతా, నా ఇంటి దీపమా,

నువ్వూ నవ్యా మీ అమ్మగారింట్లో కులాసాగా ఉన్నారనుకుంటాను. నేను జనగామలో సమ్మె శిబిరంలో ఉన్నానని నీ నమ్మకం. లేను. ఇక్కడికి వచ్చి నాలుగు రోజులైంది. సెల్ ఆపేసింది ఛార్జింగ్ లేక కాదు. నీ గొంతు వింటే మళ్లీ అబద్ధమాడతానని భయం. అందుకే ఈ కాగితం. ఎరువుల వ్యాన్ నడిపే దస్రు అన్న మహబూబాబాద్ పోతూ దంతాలపల్లిలో నీకు ఇస్తానన్నాడు.

తెలంగాణ సమ్మెతో బస్సులు బంద్ అయిన నాలుగో రోజు పొద్దున డిపో నుంచి ఫోర్‌మన్ సారు ఫోన్ చేశాడు. "వీరేందర్, ఎనుక గేటు నుంచి రా. రెండు బండ్లకు రేకులు మార్చి రంగు కొట్టాలె. నీ పర్మనెంట్ ఫైలు నా బల్ల మీదనే ఉన్నది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. కాంట్రాక్టు పనిలో తొమ్మిదేళ్లుగా ఆ ఫైలు పేరు చెప్పుకుంటూనే మనం అన్నం తింటున్నాం. వెళ్లాను. వెనక గేటు దగ్గర చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాను, ఎందుకో నాకే తెలియదు, అక్కడ వినేవాళ్లెవరూ లేరు.

సాయంత్రం ఏమీ ఎరగనట్టు శిబిరానికి పోయి కూర్చున్నాను. పక్కన సంతోష్. డిపోలో చేరకముందు నుంచీ, పన్నెండేళ్లుగా నాతో ఒకే గిన్నెలో తిన్నవాడు. నా గోళ్ల సందుల్లో ఎర్ర రంగు చూశాడు. "సమ్మెకు ముందటిదా, ఇయ్యాల్టిదా?" అని అడిగాడు. నేను చేతులు ఒళ్లోకి లాక్కున్నాను. అతను లేచి వెళ్లి డేరా అవతలి వైపు కూర్చున్నాడు. తరువాత ఒక్కొక్కరే లేచారు. చాపంతా నాకే మిగిలింది. తిట్టినా, కొట్టినా అక్కడే ఉండేవాణ్నేమో. మరునాడు ఇంటికి తాళం వేసి వచ్చేశాను.

మా అమ్మకు వరుసకు తమ్ముడయ్యే సాంబయ్య మామ గుర్తున్నాడా? ఇక్కడ ఏటికి అడ్డంగా పడవ నడుపుతాడు. రంగు వేయడానికి మనిషి కావాలని ఎప్పుడో కబురు పెట్టాడు. ఆ వంక దొరికింది. పని చేస్తున్నానే కానీ కుదురు లేదు. ఒడ్డు మీద అటూ ఇటూ తిరుగుతుంటాను. చేతిలోని గీకుడు రేకు ఎక్కడ పెట్టానో మరిచి వెతుక్కుంటాను. నువ్వు ఏమనుకుంటావో రాయకు. రాస్తే చదవలేను. రాయకపోతే ఉండలేను.

నీ
వీరేందర్


గోదావరి ఒడ్డు
2-10-2011

శ్రీలతా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. దస్రు అన్నను అడిగితే "ఇచ్చిన తమ్మీ, సదువుకుంట లోపలికి పోయింది" అన్నాడు. అంతకు మించి అతనికి తెలియదు. అయినా రాస్తున్నాను. మొన్న ఒకటి జరిగింది, నీకు కాక ఎవరికి చెప్పను?

ఈ పడవ చెక్కది కాదు. ఒళ్లంతా అల్యూమినియం రేకు. ఎప్పుడో వరదల కోసం సర్కారు తెప్పించినదాన్ని మామ వేలంలో కొన్నాడట. పైకి నీలం రంగు బాగానే ఉంది, అక్కడక్కడ పొక్కులు. గోటితో గీకితే పొక్కు కింద సున్నం లాంటి తెల్లపొడి. మన బస్సుల రేకులకూ అంతే, ఇనుప బోల్టు తగిలి తడి ఆగిన చోటల్లా రేకు పొడి అయిపోతుంది. పొడి మీద ఎంత రంగు వేసినా నిలవదు. మెరిసే రేకు బయటపడేదాకా గీకాలి, కడగాలి, ఆరగానే పసుపు ప్రైమర్ కొట్టాలి. మూడు రోజులు అదే పని.

నాలుగో రోజు వెనకవైపు ఇంజిన్ బిగించే పట్టీ ఊడదీశాను. దాని కింద రేకు అప్పడమైపోయింది. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. బస్సులు లేక ఈ వారం రేవుకు జనం పెరిగారు. ఏరు నిండుగా ఉంది. ఆ బరువుతో నడిఏట్లో ఇంజిన్ ఊడితే ఏమవుతుందో ఆలోచించు.

మామను పిలిచి చూపించాను. చూసి తల తిప్పుకున్నాడు. "గా కంతల లప్పం పెట్టి రంగు కొట్టు. రేపు పొద్దుగాల పడవ నీళ్లల్ల ఉండాలె. జనం ఆగుతలేరు" అన్నాడు.

"లప్పం ఆగది మామా. కొత్త రేకు వెయ్యాలె. జర మూడు రోజులు ఆగు."

"ఇరవై ఏండ్లు నడిపిన. నాకు జెప్తవా?"

"నేనైతే కొట్ట."

అప్పుడన్నాడు, అందరి ముందు. "సమ్మెల ఎనుక గేటుకెల్లి దూరి పనికి పోయినోనివి. గిప్పుడు నీతులు జెప్పొస్తివా?"

ఇక్కడికీ తెలిసిపోయింది శ్రీలతా. ఎవరు చెప్పారో తెలియదు. ఒడ్డున పది పదిహేను మంది నిలబడి ఉన్నారు. సంచి తీసుకుని నడిచిపోవడం ఒక్కటే తోచింది. రెండడుగులు వేశాను కూడా. ఇక్కణ్నుంచీ పోతే ఇంకెక్కడికి పోతాను అనిపించింది. వెనక్కి తిరిగి, "అవును మామా, పోయిన. తప్పే. గా దినం రమ్మంటె పోయిన. గిప్పుడు కొట్టుమంటె కొట్ట" అన్నాను. నా నోటితో ఒప్పుకోవడం అదే మొదలు.

రోజూ కూరగాయల గంపతో ఏరు దాటే ఉప్పలమ్మ అనే ముసలమ్మ దగ్గరికి వచ్చి, ఆ కంతలో తనూ వేలు పెట్టి చూసింది. "సాంబయ్యా, గిది బాగు జేసేదాక నేనైతే ఎక్క. గీ పోరగాడు ఏడికి పోతే నాకేంది, ఈ కంత నిజమే గద" అన్నది. ఒకరి తరువాత ఒకరు గంపలు, మూటలు దించారు. మామ సాయంత్రానికి భూపాలపల్లి నుంచి రేకు తెప్పించాడు.

బస్సుకు కొట్టినట్టే రివిట్లు కొట్టాను. బోల్టులకూ రేకుకూ మధ్య రబ్బరు ముక్కలు పెట్టాను. ప్రైమర్ మీద నీలం రెండు పూతలు. ఈ పొద్దున పడవ నీళ్లలోకి దిగింది. మామ చేయి చాపి నన్ను ఎక్కించుకున్నాడు. పోను, రాను ఆ పట్టీ దగ్గరే కూర్చున్నాను. చుక్క నీరు రాలేదు.

రేపు బయలుదేరి జనగామ పోవాలనుకున్నాను. శిబిరంలో అందరి ముందు నిలబడి చెప్పేస్తాను. సారుకు తెలిస్తే ఫైలు పోతుంది. అది నా ఒక్కడిది కాదు, నీ తొమ్మిదేళ్లు కూడా. నువ్వు వద్దంటే ఏం చేయాలో నాకు తెలియదు. నీ మాట వచ్చేదాకా ఆగుతాను.

నీ
వీరేందర్


జనగామ
4-10-2011

నవ్య నాన్నకు,

మొదటి ఉత్తరానికి జవాబు రాయనిది కోపంతో అనుకున్నావు కదూ? నాలుగు కాగితాలు రాసి చింపేశాను. ఇది ఐదోది. దీన్ని చింపను.

సారు నీకు ఫోన్ చేయడానికి ముందు రోజు, అమ్మగారింటికి బయలుదేరే ముందు, నేనే ఆయనకు ఫోన్ చేశాను. నీ పాత డైరీలో నంబరు దొరికింది. "సార్, మా ఆయన పేరు తీసెయ్యకుండ్రి. మీరు పిలిస్తే వస్తడు. నేను జెప్పినట్టు మాత్రం తెల్వనియ్యకుండ్రి" అని బతిమాలాను. సమ్మెలో ఉన్న కాంట్రాక్టు వాళ్లను తీసేస్తారని పక్కింటి లత చెప్పింది. ఆ భయంతో రెండు రోజులు అన్నం ముట్టలేదు. నీతో చెబితే వినవని తెలుసు. అందుకే నీ వెనక నుంచి తోశాను. ఆ ఫోర్‌మన్ నిన్ను ఏరి పిలవలేదు. నేను నిన్ను ఏరి ఇచ్చాను.

నువ్వు ఆ చాప మీద ఒంటరిగా కూర్చున్న సంగతి మళ్లీ గుర్తొచ్చినప్పుడు నవ్యకు జడ వేస్తున్నాను. చేతిలోంచి జడ వదిలేశాను. సగం జడతోనే అది ఆడుకోవడానికి పోయింది.

నీ రెండో ఉత్తరం నిన్న అందింది. నా మాట వచ్చేదాకా ఆగుతానన్నావు. నాకు అంత ఓపిక లేదు. దస్రు అన్న వ్యాన్ ఎక్కి నవ్యతో సహా ఇక్కడికి వచ్చేశాను. తిన్నగా శిబిరానికి పోయి, సంతోష్ అన్నను పిలిచి, నలుగురూ వింటుండగానే చెప్పాను. సారును బతిమాలింది నేనేనని పూర్తిగా చెప్పాను.

ఆయన, "చెల్లే, నీ తప్పు నువ్వు జెప్పినవు. వానిది వాడు అచ్చి జెప్పాలె. కాళ్లు వానియే గద, నడిచిపోయింది వాడే" అన్నాడు. ఆ మాట న్యాయమే. మన్నిస్తాడో లేదో ఆయన ముఖంలో నాకు తెలియలేదు. నవ్యకు మాత్రం అరటిపండు ఒలిచి ఇచ్చాడు.

ఫైలు గురించి నన్ను అడగకు. దాని కోసం నేను చేసింది చాలు. నాకు చెప్పకుండా ఏటి ఒడ్డుకు పారిపోయినందుకు నీ మీద కోపం ఉంది. నీకు నా మీద అంతకంటే ఎక్కువ ఉండాలి. ఆ కోపాలు ఇంట్లో తేల్చుకుందాం.

దస్రు అన్న ఈ కాగితం ఇచ్చాక నిన్ను వ్యాన్‌లోనే తీసుకొస్తానన్నాడు. జవాబు రాయకు, ఎక్కు. శిబిరంలో ఆడవాళ్ల వైపు, డేరా గుంజ పక్కన మేమిద్దరం ఉంటాం.

నీ
శ్రీలత